మగ్గం ఆడే రోజున చూడాలి

నేను ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. హిందూపురంలో ప్లాస్టిక్ సామాన్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో కొత్త వస్తువుల విభాగం చూసేదాన్ని. విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నేను, నమూనాలు చేసిపెట్టే ఖాజా అన్న, కిటికీ పక్కన ఒక బల్ల. అంతే. రెండో కాన్పు తర్వాత పెనుకొండ నుంచి రోజూ రైల్లో పోయి రావడం నా వల్ల కాలేదు. నా చోట ఇంజనీరింగ్ చదివిన ఒక అమ్మాయి చేరింది. మొన్న ఫోన్ చేసి, "మేడం, కొత్త వస్తువు ఒకటి మొదలుపెట్టమన్నారు. మొదట ఏం చేయాలి? డ్రాయింగా, ధరా, పేరా?" అని అడిగింది. అప్పటికి ఏదో చెప్పాను గానీ నాకే తృప్తి కలగలేదు. పిల్లలు పడుకున్నాక కూర్చుని, ఆ ప్రశ్నకు సరైన జవాబు రాద్దామనుకున్నాను. ఆ అమ్మాయికే కాదు, ఈ పనిలోకి వచ్చే ఎవరికైనా పనికొస్తే మంచిదే.

నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఎన్ని ఫైళ్లు కదిలాయి అనేవి ఇందులో ఉండవు. ఒక పీట గురించి చెబుతాను. ఈ పని ఏమిటో నాకు ఆ పీట దగ్గరే తెలిసింది.

బుట్ట మూతలు

చేరిన కొత్తలో నాకు ఈ పని అంటే కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మ గీయడమే. మొదట చేసిన వస్తువు మల్బరీ ఆకు మోసే బుట్ట. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే రైతుల కోసం చేశాం. ఆకు వాడిపోకుండా గాలి రంధ్రాలు, పైన గట్టి మూత. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఆడవాళ్లు మాత్రం ఆకును తడిపిన గోనెపట్టాలో మూటగట్టి నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు. మూట మెత్తగా తలకు సర్దుకుంటుంది, మా బుట్ట సర్దుకోదు. అమ్మినవి కొన్నే. ఆ మూతలు ఇప్పటికీ కొన్ని మిద్దెల మీద వడియాలు ఎండబెట్టడానికి పనికొస్తున్నాయి.

దానివల్ల నష్టం ఏమిటో కొత్తవాళ్లకు తెలియాలి. ప్లాస్టిక్ వస్తువుకు ఉక్కుతో అచ్చు చేయించాలి. దాన్నే మౌల్డ్ అంటాం. మా మౌల్డ్‌లు బెంగళూరులో చేసేవాళ్లు. చెక్కతో చేసిన నమూనాను ఎన్నిసార్లయినా కోసి అతికించుకోవచ్చు. ఉక్కు ఒకసారి కోశాక అంతే. తప్పు ఉంటే ఆ తప్పే వేల సంఖ్యలో బయటికి వస్తుంది. అందుకే మౌల్డ్‌కు పంపకముందు చేసేదే ఈ ఉద్యోగం. పంపిన తర్వాత మిగిలేది మిషను పని.

నంజుండప్ప సార్

మా యజమాని నంజుండప్ప సార్. సగం తెలుగు, సగం కన్నడ. బక్కెట్లు, స్టూళ్లతో ఫ్యాక్టరీని నిలబెట్టిన మనిషి. మంచివాడే, ఆగడం మాత్రం రాదు. ధర్మవరంలో మా సరుకు అమ్మే డీలరు ఒకరోజు మాటల్లో, నేతగాళ్లందరికీ నడుము నొప్పులేనని అన్నాడట. మరునాడు పొద్దున్నే సార్ మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మగ్గం దగ్గర కూర్చునేదానికి పీట చేయాలమ్మా. వీపుకు ఆనుకునేది. ధర్మవరంలో ఇంటింటికీ మగ్గమే. శ్రావణం లోపల సరుకు దిగల్ల."

ఖాజా అన్న నా వైపు చూశాడు. సార్ వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు.

"బుట్ట మాదిరి ఇది కూడా వడియాలకు పోతే, ఈ బల్ల తీసేసి ఈడ మిషను పెట్టిస్తా. దుడ్లు ఊరికే వస్తాయా?"

ఆయన మాట మీద నిలబడే మనిషి. బల్ల పోతే ఖాజా అన్న తిరిగి మిషను షిఫ్టుకు, నేను ఇంటికి. అప్పటికి మా పెద్ద పాపకు ఏడాది నిండలేదు. ఆ పసిదాన్ని అత్త దగ్గర వదిలి వచ్చేది ఆ బల్ల కోసమే. దాన్ని పోగొట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను.

ఖాజా అన్న ప్లైవుడ్డు, ఫోము, రెగ్జిన్‌తో నమూనా చేశాడు. వెనక ఆనుకునే పలక, రెండు పక్కలా కొంచెం ఎత్తుగా అంచులు, నేతగాడు గుంతలోకి కాళ్లు వదిలి కూర్చునే మగ్గం గట్టుకు బిగించడానికి రెండు బిగింపులు. చూస్తే కూర్చోవాలనిపించేలా ఉంది.

అమావాస్య

నమూనా పట్టుకుని ధర్మవరం వెళితే ఎవరూ పలకలేదు. "ఈరోజు పని ఉండాది మేడం. అమావాస్యకు రాండి, ఖాళీగా ఉంటాం" అన్నారు. అక్కడ అమావాస్య నాడు మగ్గం ఆడదు, సెలవు. సార్‌కు ఆ మాట బాగా నచ్చింది.

అమావాస్య రోజు ఫ్యాక్టరీ వ్యానులో సార్, నేను, ఖాజా అన్న, డీలరు కలిసి వెళ్లాం. వీధిలో అందరూ తలంటుకుని తీరిగ్గా ఉన్నారు. కుర్చీలు వేశారు, కాఫీలు ఇచ్చారు. మగ్గాల మీద గుడ్డ కప్పి ఉంది. ఆ రోజు వాటిని ముట్టరు. అందుకని సార్ పీటను ఒక ఇంటి అరుగు మీద పెట్టించాడు.

"గుంతలో కాళ్లు వేలాడదీసేదీ, అరుగు మీద వేలాడదీసేదీ ఒకటే కదమ్మా."

ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

"అబ్బ, మెత్తగుండాది."

"ఏమప్పా, మామ లేస్తాడా ఇంక దీని మీద నుంచి?"

"కాఫీ గ్లాసు పెట్టుకునేదానికి ఒక గుంట పెట్టిచ్చు సార్, ఇంక సచ్చేదాకా లేయను."

అందరూ నవ్వారు. సార్ ఫోటోలు తీయించాడు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులోనే బెంగళూరుకు ఫోన్ చేసి, మౌల్డ్ మొదలుపెట్టే రోజు కూడా ఖాయం చేశాడు, అడ్వాన్సు పంపిస్తానన్నాడు.

నేను పిరికిదాన్ని. పాప పాకడం మొదలుపెట్టినప్పుడు దాని నోటికి ఏం దొరుకుతుందో, తలకు ఏం తగులుతుందో చూడటానికి ఇల్లంతా మోకాళ్ల మీద తిరిగాను. నిలబడి చూస్తే కనిపించని మేకులు, బల్లకోడు అంచులు అప్పుడు కనిపించాయి. వ్యానులో కూర్చుని కూడా నాకు అలాంటి అనుమానమే మొదలైంది. ఆ వీధిలో పొద్దంతా ఉన్నాం, ఒక్క మగ్గం చప్పుడు కూడా వినలేదు. మేం చూపించింది మగ్గం పీట. మగ్గాన్ని మాత్రం చూడనే లేదు.

మరునాడు సార్ గదికి వెళ్లి చెప్పాను. "మగ్గం ఆడే రోజు ఒకసారి చూసొస్తాను సార్."

"ఇంకా ఏం చూస్తావమ్మా? అంత మంది బాగుండాదని చెప్పింది నా చెవులతో విన్న్యా."

"అరుగు మీద కూర్చుని చెప్పినారు సార్. మగ్గం మీద కూర్చుని ఎవ్వరూ చెప్పలేదు."

సార్ క్యాలెండరు వైపు చూశాడు. "మౌల్డ్ వాళ్లకు సోమవారం కొలతలు పంపల్ల. ఆలోపల ఏం చూసుకుంటావో చూసుకో" అన్నాడు.

నారాయణ, లక్ష్మీదేవి

పని రోజున నమూనాను ఇంట్లోకి రానిచ్చేవాళ్లు దొరకడం అంత తేలిక కాదు. మగ్గం మీదున్న పట్టు నేతగాడిది కాదు. షావుకారు ఇచ్చింది. దానికి ఏ చిన్న బిగింపు తగిలి నాలుగు పోగులు తెగినా, జరీ గీచుకున్నా నేతగాడే జవాబు చెప్పుకోవాలి. అమావాస్య నాడు కాఫీ ఇచ్చిన ఇళ్లే గుమ్మం బయటి నుంచి పంపించాయి.

చివరికి నారాయణ ఇంటికి చేరాను. కాఫీ గ్లాసుకు గుంట పెట్టించమన్నది అతనే. ఇంట్లో పక్కపక్కనే రెండు మగ్గాలు. ఒకటి అతనిది, ఒకటి అతని భార్య లక్ష్మీదేవిది.

"ఆ పొద్దు తమాషాకు కూర్చుంటిమి మేడం. దీన్ని నా మగ్గం దగ్గరికి తేవద్దు" అన్నాడు నారాయణ, చేతులు ఆపకుండానే.

లక్ష్మీదేవి తన మగ్గం మీద నుంచే అడిగింది. "అక్కా, నువ్వు తెచ్చి, ఫోటో తీసుకొని పోతావా? ఉంటావా?"

"ఉంటాను."

"ఫోటో తీసుకొని పోయేటట్టయితే రావద్దు. పొద్దన్నుంచి సందకాడి దాకా నా పక్కన కుచ్చుంటానంటే రేపు తెచ్చుకో. పోగు తెగితే నీ ఎదురుగానే తెగల్ల. మళ్లా నువ్వు కాదంటే షావుకారు నా మాట నమ్మడు."

"నీకేమన్నా పిచ్చా మే?" అన్నాడు నారాయణ.

"నడుము నాది. నీదేం పోయింది?"

సాయంత్రం దాకా

మరునాడు పీట పట్టుకుని ప్యాసింజరు ఎక్కాను. రైలు పెనుకొండ దాటిందో లేదో ఒక అవ్వ నా పక్కకు వచ్చి, "ఏంది పాపా ఇది, బాలింతకా?" అంటూ అడగకుండానే దాని మీద కూర్చుంది. కాళ్లు కిందికి వదల్లేదు. పక్క అంచుకు వీపు ఆనించి, అడ్డంగా తిరిగి, మఠం వేసుకుంది. "బాగుండాది గానీ ఈ గోడ ఎందుకు?" అని వెనక పలకను చూపించింది. నవ్వొచ్చింది. మనం గీసిన బొమ్మలోని మనిషి మనం చెప్పినట్టే కూర్చుంటాడు, బయటి మనుషులు కూర్చోరు. ఇది కూడా మొదటి రోజే తెలుసుకోవలసిన సంగతి.

లక్ష్మీదేవి పీట బిగించుకుని నేయడం మొదలుపెట్టింది. నేను గోడ పక్కన చాప మీద కూర్చున్నాను. మొదట్లో అంతా బాగానే ఉంది. నడుము నిటారుగా ఉంది, కాలి చెక్కలు తొక్కుతోంది. నాకు ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత పొయ్యి మీద పాలు పొంగాయి. గుంతలో నుంచి లేవాలంటే వెనక పలక అడ్డం, పక్కకు జరగాలంటే అంచులు అడ్డం. బిగింపులు వదులుచేసి, పీట ఎత్తి పక్కన పెట్టి లేచింది. వచ్చి మళ్లీ బిగించుకుంది. పడుగులో అవతలి వైపు పోగు తెగింది. మళ్లీ తీసింది, లేచింది, అతికించింది, వచ్చింది. దగ్గర్లో తెగితే లేవదు గానీ మగ్గం మీదికి ఒంగి మునివేళ్లతో ముడి వేస్తుంది. అప్పుడు ముందు అంచు తొడలకు ఒత్తుకుంటోంది. వెనక పలక సంగతి సరేసరి. పొద్దుట నుంచి ఒక్కసారి కూడా ఆమె దానికి వీపు ఆనించలేదు. నేసే మనిషి ముందుకే ఒంగుతుంది, వెనక్కి వాలదు. మేం మాత్రం ఖర్చంతా ఆ పలక మీదే పెట్టాం.

మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది. "పాపకు ఒళ్లు వెచ్చగుండాది. నువ్వేం రావద్దులే. చెప్పల్ల కదా అని చెప్తాండా."

రావద్దు అంటే నాకు రమ్మన్నట్టే వినిపిస్తుంది. పాలు తాగుతోందా, ఏడుస్తోందా, చెవి పట్టుకుంటోందా అని అడిగాను. తాగుతోంది, ఆడుకుంటోంది అంది అత్త. రెండు గంటలకు ఒక రైలుంది. సంచి చేతిలోకి తీసుకున్నాను.

"పోక్కా, పోయిరా. ఒప్పందం కోసం చూడొద్దు. పిల్ల ముందు" అంది లక్ష్మీదేవి. అంటూనే పీట తీసి, లేచి, నీళ్లు తాగి వచ్చింది. ఈసారి పీట బిగించుకోలేదు. దాన్ని గోడకు ఆనించి, పాత గోనెపట్టా నాలుగు మడతలు వేసి గట్టు మీద పరుచుకుని కూర్చుంది. తాను ఏం చేసిందో ఆమెకు తెలియనే తెలియదు. చేతులు వాటంతట అవే చేసేశాయి.

నేను సంచి కింద పెట్టాను. ఒక్కసారి తీసేస్తే అది ఆ పూట విసుగు కావచ్చు. సాయంత్రం దాకా తిరిగి తీసుకోకపోతే అది తీర్పు. అది చూడకుండా వెళితే సోమవారం నా దగ్గర అనుమానమే ఉంటుంది, జవాబు ఉండదు. అత్తకు ఫోన్ చేసి, జ్వరం కొంచెం పెరిగినా వెంటనే చెప్పమన్నాను. పెరిగి ఉంటే నిజంగానే వెళ్లిపోయేదాన్ని. ఇది చదివి ఎవరూ పిల్లలను వదిలి ఉద్యోగం చేయాలని అనుకోవద్దు. ఆ రోజు పెరగలేదు, ఉండిపోయాను. పన్ను వస్తోందని తర్వాత తెలిసింది.

సందె వేళ దాకా పీట గోడ పక్కనే ఉంది. లక్ష్మీదేవి గోనెపట్టా మీదే నేసింది.

వెళ్లేటప్పుడు అడిగాను. "ఎట్లుంది లక్ష్మీదేవీ?"

"బాగుండాదక్కా!" అంది వెంటనే, నవ్వుతూ.

ఆమె అబద్ధం ఆడలేదు. పొద్దంతా తన పక్కన కూర్చున్న మనిషితో బాగాలేదని అనలేకపోయింది. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే. బాగుందా అని అడగడం మర్యాద, అంతకు మించి దానితో పనిలేదు. మనిషి అన్న మాట కంటే, మనిషి పక్కన పెట్టిన వస్తువును నమ్మండి.

సోమవారం

సార్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"డీలరుకు మాట ఇచ్చినా. మౌల్డ్‌కు అడ్వాన్సు పోయింది. ఇప్పుడు వద్దంటావా?"

"ఈ కొలతలు వద్దంటున్నాను సార్. పీట వద్దనడం లేదు. ఆమె నడుము నొప్పి అట్లే ఉంది."

"ఒక ఆడమనిషి గోడకు పెట్టిందని మౌల్డ్ ఆపల్లనా?"

"ఉక్కు కోసినాక ఊరంతా గోడకు పెడుతుంది సార్."

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడిన ఖాజా అన్న మెల్లగా అన్నాడు. "సార్, ఒక వారం ఇయ్యండి. వెనక పలకా, పక్క అంచులూ కోసేస్తా. పీట మనిషితో పాటు పక్కకు తిరిగేటట్టు చేస్తా."

సార్ ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. "వారం. డీలరుకు నువ్వే చెప్పు. తిట్లు నువ్వే తిను."

తిన్నాను. పెద్ద తిట్లేమీ కావు. వాయిదా వేస్తామంటే వ్యాపారులు కోప్పడతారు గానీ, చెడ్డ సరుకు అంటగడితే కోప్పడినంత కాదు. బెంగళూరు వాళ్లు మాత్రం వచ్చే సోమవారం కూడా కొలతలు రాకపోతే మా పని పక్కన పెట్టి వేరేవాళ్లది ఎక్కిస్తామన్నారు.

రెండో పీట

కొత్త పీటకు గోడలు లేవు. ముందుకు కొంచెం వాలుగా ఉన్న ఒక పలక, ముందు అంచు గుండ్రంగా. కింద ఒక బరువైన దిమ్మ, దానికి ఒక మూలన ఇరుసు. లేవాలంటే తొడతో నెడితే చాలు, పలక తలుపులా పక్కకు తిరుగుతుంది. కూర్చోబోతే చేత్తో లాగితే వస్తుంది. దిమ్మను గట్టు మీది చెక్క కిందికి దోపుకోవచ్చు, బిగింపులు లేవు. కాబట్టి పట్టుకు గుచ్చుకునేదేమీ లేదు. మొదటిదానితో పోలిస్తే అందం తక్కువే.

గురువారం తీసుకెళ్లి లక్ష్మీదేవికి ఇచ్చాను. పొద్దంతా పక్కనే కూర్చున్నాను. పాలకు లేచింది, పోగులకు లేచింది, పక్కింటావిడ పిలిస్తే లేచింది. పలక తిరిగింది, వచ్చింది. గోనెపట్టా మూలన పడి ఉంది. అయినా ఒక్క పూటకు నేను నమ్మలేదు. నమూనాను అక్కడే వదిలి, ఆదివారం వచ్చి తీసుకెళతానని చెప్పాను. కొలతలు తీసి సోమవారం పంపాలంటే నమూనా మా చేతిలో ఉండాలి. నమూనా చేసేటప్పుడు ఖాజా అన్న మూలల్లో గీకి, సర్ది చేసినవి కాగితం మీద లేవు.

ఆదివారం వెళ్లేసరికి లక్ష్మీదేవి గుమ్మంలోనే ఎదురైంది. ముఖం మాడ్చుకుని ఉంది.

"చూడక్కా, నువ్వే చెప్పు. నువ్వు ఎవురికిచ్చినావు? నాకే కదా?"

లోపల నారాయణ నేస్తున్నాడు. పీట అతని మగ్గం గట్టు మీద ఉంది, అతను దాని మీద ఉన్నాడు.

"నిన్న ఒక్క పూట ఇయ్యి, చూసి ఇస్తానన్నాడు. నిన్నటి నుంచి ఇస్తానే ఉండాడు" అంది లక్ష్మీదేవి.

"తమాషాకు కుచ్చుంటి మేడం" అన్నాడు నారాయణ, నా వైపు చూడకుండా.

"నారాయణన్నా, దాన్ని నేను హిందూపురం తీసుకుపోవాల. రేపు కొలతలు పంపాల."

"పోదురులే మేడం. చీర అంచు సగంలో ఉండాది."

"రైలుకు టైమవుతుంది."

"ఇది ఇచ్చేసి మళ్లా ఆ గోనెపట్టా మీద కుచ్చోమంటావా? కొత్తవి వచ్చేది శ్రావణానికి అంటాండావు. అందాకా నా నడుము ఏమి కావల్ల?"

"నీ నడుమేంది, నా నడుము!" అంది వెనక నుంచి లక్ష్మీదేవి.

ఎంత చెప్పినా అతను లేవలేదు. ఆమె తన పీట కోసం, నేను నా నమూనా కోసం అతని చుట్టూ నిలబడ్డాం. మగ్గం ఆడుతూనే ఉంది. ఏం చేయాలో తోచక ఖాజా అన్నకు ఫోన్ చేశాను. ఆదివారం అయినా కొలిచే పనిముట్లన్నీ సంచిలో వేసుకుని తర్వాతి రైలుకు వచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, పరిస్థితి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"ఏమబ్బా, ఒక్క నిమిషం లేయ్. కొలుచుకొని మళ్లా నీకే ఇస్తా."

నారాయణ నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు లాగాడు, చెక్క తొక్కాడు.

"కొలుచుకోప్పా, ఎంతసేపైనా కొలుచుకో. నేనైతే లేయను."

ఖాజా అన్న మగ్గం గట్టు పక్కన నేల మీద బోర్లా పడుకున్నాడు. నారాయణ కింద ఉన్న పలకను ఒక్కో అంగుళం కొలుస్తూ పైకి చెప్పాడు. నేను రాసుకున్నాను. ఆ కొలతలే సోమవారం బెంగళూరుకు వెళ్లాయి.